తెల్లవార్లూ భారతం తీయడానికి ఏ క్యామ్‌కార్డర్ కొనాలి, ఏ ఫార్మాట్‌లో తీయాలి

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెట్టారంటే పగలు హరికథ, రాత్రి నాటకం. రాత్రి పది తర్వాత మొదలైన ఆట తూర్పు తెల్లబడేదాకా సాగుతుంది. జనంలో ఎవరో ఒకరు ఫోను పైకెత్తి తీస్తూనే ఉంటారు. కాసేపటికి ఫోను వేడెక్కుతుంది, లేదా ఫోన్ కాల్ వస్తుంది, లేదా మెమరీ నిండుతుంది. పద్యం సగంలో తెగిపోతుంది. ఆ పద్యం పాడిన నటుడికి డెబ్బై ఏళ్లుంటాయి. వచ్చే ఏడాది ఆయన మళ్లీ వేషం కడతాడో లేదో చెప్పలేం. అందుకే మొత్తం ఆటను మొదటి నుంచి చివరిదాకా తీసి దాచాలనుకునేవారి కోసం, ముఖ్యంగా తక్కువ డబ్బుతో ఆ పని చేయాల్సిన ఊరి సంఘాల కోసం, యువకుల కోసం ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పనికి 4కే (1080 కంటే నాలుగు రెట్లు చుక్కలుండే వీడియో) అక్కర్లేదు. యాభై రెట్ల జూమ్ అక్కర్లేదు. 1080 నాణ్యతలో సెకనుకు 50 ఫ్రేములు తీసే కెమెరా, దానికి బయటి మైకు తగిలించే సాకెట్, వీలైనంత పెద్ద సెన్సరు (లెన్సు వెనుక వెలుగును బొమ్మగా మార్చే చిప్పు) ఉంటే చాలు. మిగిలిన డబ్బు స్టాండుకు, కార్డులకు, హార్డ్‌డిస్కులకు పెట్టాలి.

మొదటి మెట్టు: ఏం తీయబోతున్నారో తేల్చుకోండి

దుకాణానికి వెళ్లే ముందే ఈ పని జరగాలి. మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర తీయాలంటే పట్టపగటి ఎండ, ఇరుకు వీధి, చుట్టూ తోపులాట. అక్కడ వెలుగుకు కొదవ లేదు. దగ్గరి నుంచి వేషం మొత్తం ఫ్రేములో పట్టే వెడల్పాటి లెన్సు, చేతి వణుకును అణచే ఏర్పాటు ఉంటే చాలు. తిరుపతి మహతి ఆడిటోరియంలో పిల్లల నాట్య ప్రదర్శన అయితే సమస్య వేరు. చుట్టూ చీకటి, నర్తకి ముఖం మీద మాత్రం గట్టి లైటు. ఆటోలో వదిలేస్తే కెమెరా చీకటిని చూసి వెలుగు పెంచుతుంది, ముఖం తెల్లగా పాలిపోతుంది. వెలుగును చేత్తో తగ్గించుకునే వీలు ఉండాలి. భారతం నాటకానికి ఈ రెండు కష్టాలూ ఉంటాయి. పైగా ఏడెనిమిది గంటల నిడివి.

నిడివి గురించి ఒక మాట. ఫొటోలు తీసే మిర్రర్‌లెస్ కెమెరాలు క్యామ్‌కార్డర్ కంటే అందమైన బొమ్మ ఇస్తాయి, ఒప్పుకుంటాను. కానీ వాటిలో చాలా మోడళ్లు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి. యూరప్‌లో అరగంట దాటి రికార్డు చేసే పరికరాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు. దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు ఆ హద్దు పెట్టాయి. హద్దు లేని మోడళ్లు కూడా ఎక్కువసేపు తీస్తే వేడెక్కి ఆగే అవకాశం ఉంది. క్యామ్‌కార్డర్‌ను గంటల తరబడి ఆపకుండా తీయడానికే తయారు చేశారు.

రెండో మెట్టు: డబ్బును ముందే పంచండి

చేతిలో ఉన్న మొత్తంలో అరవై శాతానికి మించి కెమెరాకు పెట్టకండి. మిగతాది స్టాండు, మైకు, రెండు కార్డులు, అదనపు బ్యాటరీ, రెండు హార్డ్‌డిస్కులకు కావాలి. ఊరి చందాలతో కొన్నప్పుడు డబ్బంతా కెమెరాకే పోతుంటుంది. ఆ తర్వాత దాన్ని గుడి అరుగు మీద ఇటుకల మధ్య నిలబెట్టి తీస్తారు. అంతకంటే ఒక మెట్టు తక్కువ కెమెరా, గట్టి స్టాండు కొనుక్కోవడం మేలు.

మూడో మెట్టు: లెన్సు, సెన్సరు చూడండి

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది జూమ్. 50 రెట్లు, 57 రెట్లు అని ఉంటుంది. దానికి మోసపోకుండా ఒక చిన్న లెక్క వేసుకోండి. 27 మిల్లీమీటర్లకు సమానమైన వెడల్పుతో మొదలయ్యే లెన్సు 20 అడుగుల దూరంలో సుమారు 27 అడుగుల వెడల్పున్న దృశ్యాన్ని పడుతుంది. అంటే వేదిక దాదాపు మొత్తం వస్తుంది. అదే లెన్సును పది రెట్లు లాగి 50 అడుగుల దూరం నుంచి చూస్తే ఫ్రేములో ఆరున్నర అడుగులకు కాస్త ఎక్కువ వెడల్పు పడుతుంది. ఒక నటుడు నడుము పైనుంచి కిరీటం దాకా చక్కగా కనిపిస్తాడు. అర్జున తపస్సు రోజు నటుడు పద్యాలు పాడుకుంటూ ఎత్తైన తపస్సు మాను ఎక్కుతాడు కదా, దాన్ని వంద అడుగుల నుంచి తీసినా ఇరవై రెట్లు సరిపోతాయి. అంతకు మించిన జూమ్‌కు డబ్బు పెట్టనవసరం లేదు. డిజిటల్ జూమ్ అని రాసిన అంకెను అసలు చదవకండి. అది ఉన్న బొమ్మను సాగదీయడం తప్ప మరేమీ కాదు.

జూమ్ లాగితే ఇంకొక నష్టం కూడా ఉంది. లెన్సు మీద ఎఫ్1.8–4.0 వంటి అంకెలు ఉంటాయి. మొదటిది జూమ్ లేనప్పుడు, రెండోది పూర్తిగా లాగినప్పుడు. 1.8 నుంచి 4కు వెళ్లేసరికి సెన్సరు మీద పడే వెలుగు ఐదో వంతుకు పడిపోతుంది. ట్యూబ్‌లైట్ల వెలుగులో జరిగే ఆటలో ఇది చాలా పెద్ద నష్టం. చుక్కలు చుక్కలుగా మసకబారిన బొమ్మ వస్తుంది. దీనికి విరుగుడు ఖరీదైన కెమెరా కాదు, కూర్చునే చోటు. సంఘం పెద్దలతో ముందుగా మాట్లాడి వేదికకు ఎదురుగా 25, 30 అడుగుల దూరంలో, జనం తలల పైనుంచి చూసే ఎత్తులో చిన్న బల్ల వేయించుకోండి.

సెన్సరు కొలతను భిన్నంలో రాస్తారు. కింది అంకె చిన్నదయ్యేకొద్దీ సెన్సరు పెద్దదవుతుంది. ఉదాహరణకు చవక మోడళ్లలో పేరున్న సోనీ హెచ్‌డీఆర్-సీఎక్స్405లో 1/5.8 అంగుళాల సెన్సరు, 30 రెట్ల జూమ్ ఉంటాయి. జాతర పగలు తీయడానికి, ఇంట్లో శుభకార్యాలకు ఆ కెమెరా బాగా పనికొస్తుంది. బయటి మైకుకు సాకెట్ లేదు కాబట్టి రాత్రి నాటకానికి మాత్రం దాన్ని ఎంచుకోను. పానాసోనిక్ హెచ్‌సీ-వీ785లో జూమ్ 20 రెట్లే అయినా సెన్సరు 1/2.3 అంగుళాలు, మైకు సాకెట్ కూడా ఉంది. కొత్తది దొరక్కపోయినా వాడినది దొరికితే భారతానికి నేను మొదట చూసేది అలాంటి కెమెరానే. మోడల్ పేరు ఏదైనా సరే, సెన్సరు, లెన్సు అంకె, మైకు సాకెట్ ఈ మూడూ చూశాకే ధర అడగండి.

నాలుగో మెట్టు: మైకు

భారతం నాటకంలో చూసేదానికంటే వినేదే ఎక్కువ. పద్యం, హార్మోనియం, మద్దెల, తాళాలు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, పద్యం వినబడకపోతే కట్టేస్తారు.

కెమెరా మీది మైకు మొదట పట్టేది పక్కన కూర్చున్నవారి కబుర్లను, వెనుక ఉన్న జనరేటర్ హోరును. పైగా కెమెరా లోపల శబ్దాన్ని దానంతట అదే సర్దే ఏర్పాటు ఒకటి పని చేస్తుంటుంది. మద్దెల మీద గట్టి దెబ్బ పడగానే అది మొత్తం శబ్దాన్ని తగ్గిస్తుంది. ఆ వెంటనే వచ్చే పద్యపాదం లోతులోకి వెళ్లిపోయి, మళ్లీ మెల్లగా పైకి తేలుతుంది. రాత్రంతా ఇలా ఊగుతూ ఉంటుంది. మెనూలో మైకు స్థాయిని చేత్తో నిలిపే అవకాశం ఉందా అని కొనే ముందే వెతకండి. ఉంటే మద్దెల దెబ్బకు సూచిక ఎరుపులోకి వెళ్లకుండా స్థాయి పెట్టి, అక్కడే వదిలేయండి.

మైకు సెట్టు వారి మిక్సర్ నుంచి తీగ లాగి నేరుగా కెమెరా మైకు సాకెట్‌లో పెట్టకూడదు. మిక్సర్ నుంచి వచ్చే సంకేతం మైకు సాకెట్ తట్టుకునేదానికంటే చాలా బలమైనది. శబ్దం చీలిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగు చేయలేదు. మధ్యలో సంకేతాన్ని తగ్గించే అటెన్యుయేటర్ తీగ వాడాలి. లేదా మిక్సర్ దగ్గర చిన్న వాయిస్ రికార్డర్ పెట్టి, వీడియోకు తర్వాత జతచేయాలి. జతచేయడం తేలిక కావాలంటే ఆట మొదట్లో కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. వాయిస్ రికార్డర్‌లోనూ కెమెరాలోనూ ఆ చప్పుడు కలిసిన చోటే మీకు గుర్తు. గంటల తరబడి సాగే రికార్డింగ్‌లో రెండు పరికరాల గడియారాలు కొద్దికొద్దిగా జరుగుతాయి కాబట్టి నాటకంలో రంగం మారిన ప్రతిసారీ మరో చప్పట్టు కొట్టడం మంచిది.

ఐదో మెట్టు: ఫార్మాట్

అందరినీ గందరగోళపెట్టేది ఇదే. ఫార్మాట్ అన్నప్పుడు మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతాయి: దేని మీద రికార్డు అవుతుంది, వీడియోను ఎలా కుదించి రాస్తుంది, ఏ రకం ఫైలుగా దాస్తుంది.

దేని మీద అన్న ప్రశ్నకు నేడు జవాబు ఒక్కటే, మెమరీ కార్డు. పాత సామాను అమ్మే చోట మినీడీవీ టేపు కెమెరాలు ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి. 1995లో వచ్చిన డీవీ పద్ధతి తన కాలానికి గొప్పది, ఇప్పుడు కొనదగినది కాదు. గంట టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి గంట పడుతుంది, అదీ ఫైర్‌వైర్ పోర్టు ఉంటేనే. కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టు లేదు. ఎనిమిది సెంటీమీటర్ల చిన్న డీవీడీ మీద రాసే కెమెరాలు ఇంకా ఇబ్బంది: మామూలు నాణ్యతలో అరగంటకే డిస్కు నిండుతుంది. లోపల హార్డ్‌డిస్కు ఉన్న కెమెరాల వయసు ఇప్పటికే మీరిపోయింది, ఆ డిస్కు ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. ఉచితంగా వచ్చినా భారతానికి ఈ మూడూ వద్దు. మీ ఇంట్లో పాత టేపులు ఉంటే మాత్రం వాటిని ఆడించే కెమెరాను అమ్మకండి, ముందు ఆ టేపులను ఫైళ్లుగా మార్పించుకోండి.

కార్డు కెమెరాల్లో ముఖ్యంగా కనిపించేవి ఏవీసీహెచ్‌డీ, ఎంపీ4, సోనీలో అయితే ఎక్స్‌ఏవీసీ ఎస్. ఈ మూడింటి లోపలా సాధారణంగా ఉండే కుదింపు పద్ధతి ఒకటే, హెచ్.264. ఏవీసీహెచ్‌డీని సోనీ, పానాసోనిక్ కలిసి 2006లో తెచ్చాయి. మొదట్లో దాని గరిష్ఠ వేగం, అంటే కార్డు మీద డేటా రాసే వేగం, సెకనుకు 24 మెగాబిట్లు. 2011లో సెకనుకు 50 పూర్తి ఫ్రేములు చేర్చినప్పుడు 28కి పెంచారు. ఎంపీ4 ఫైలు ఫోనులో, టీవీలో, కంప్యూటర్‌లో ఎక్కడైనా తెరుచుకుంటుంది. ఎక్స్‌ఏవీసీ ఎస్ కూడా ఎంపీ4 ఫైలే, బిట్ల వేగం మాత్రం ఎక్కువ, శబ్దాన్ని కుదించకుండా దాస్తుంది.

మెనూలో 50ఐ, 50పీ అని రెండు కనిపిస్తాయి. 50ఐలో ఒక్కో బొమ్మ సగం గీతలతో వస్తుంది, రెండు సగాలు కలిస్తే ఒక ఫ్రేము. భీముడు గద తిప్పుతూ గిరగిరా తిరిగినప్పుడు ఆ రెండు సగాలు కలవక, గద అంచు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తుంది. 50పీలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉంటుంది, గంతులు, చిందులు నునుపుగా వస్తాయి. అందుకని 50పీ పెట్టండి. కెమెరాలో 50పీ ఎంపీ4 ఉంటే అదే మేలు, లేకపోతే 50పీ ఏవీసీహెచ్‌డీ. కెమెరాలో 50ఐ తప్ప మరొకటి లేదంటే ఆ మోడల్ చాలా పాతదని లెక్క, ధర బాగా తగ్గిస్తే తప్ప తీసుకోవద్దు.

హెచ్.265 అనే కొత్త కుదింపు దాదాపు సగం చోటులోనే అదే నాణ్యత ఇస్తుంది. కానీ ఊళ్లో ఉన్న పాత కంప్యూటర్లలో అది ఆగి ఆగి నడుస్తుంది. తీసింది ఊరందరూ చూడాలంటే ఇప్పటికి హెచ్.264నే నమ్ముకోండి.

ఆరో మెట్టు: అమెరికా నుంచి వచ్చే కెమెరా

తిరుపతి ఇళ్లలో అమెరికాలో ఉన్న బంధువులకు కొదవ లేదు. ఒక కెమెరా తెచ్చిపెట్టమని అడగడం సహజం. ఇక్కడ ఒక చిక్కుంది. అమెరికా కోసం చేసిన క్యామ్‌కార్డర్లు సెకనుకు 60 లేదా 30 ఫ్రేములు తీస్తాయి, చాలా మోడళ్లలో దాన్ని 50కి మార్చే వీలు ఉండదు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చోక్‌తో నడిచే ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి అది తెలియదు. 60 ఫ్రేముల కెమెరాకు తెలుస్తుంది. వీడియో అంతా వెలుగు అలలు అలలుగా ఊగుతూ వస్తుంది. కానన్ కెమెరా అయితే పేరులోనే పోల్చుకోవచ్చు: అమెరికాకు విక్సియా, మన వైపు దేశాలకు లెగ్రియా. ఇప్పటికే అలాంటిది ఇంట్లో ఉంటే, షటర్ వేగాన్ని (ఒక్కో ఫ్రేముకు సెన్సరు మీద వెలుగు పడే సమయం) చేత్తో సెకనులో 1/100 దగ్గర నిలపండి. వెలుగు కొంత తగ్గుతుంది, ఊగడం మాత్రం చాలావరకు ఆగుతుంది. పైగా అక్కడ కొన్న కెమెరాకు ఇక్కడి కంపెనీ సర్వీసు కేంద్రంలో వారంటీ వర్తించకపోవచ్చు.

ఏడో మెట్టు: కార్డు లెక్క

సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని ఉన్న అంకెను 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని జీబీ కావాలో వస్తుంది. 28 మెగాబిట్లకు గంటకు 12.6 జీబీ. ఎనిమిది గంటల ఆటకు 101 జీబీ, అంటే ఒక 128 జీబీ కార్డు సరిపోతుంది. 50 మెగాబిట్ల ఎక్స్‌ఏవీసీ ఎస్‌కు అదే రాత్రికి 180 జీబీ. 100 మెగాబిట్ల 4కేకు 360 జీబీ. పది రాత్రుల నాటకాలు తీస్తే 28 మెగాబిట్ల లెక్కన ఒక టెరాబైటు, 4కే లెక్కన 3.6 టెరాబైట్లు. ప్రతిదీ రెండు ప్రతులు దాచాలి కాబట్టి రెట్టింపు చేసుకోండి. 4కే వద్దని మొదట్లోనే అన్నది ఈ లెక్క చూసే.

28 మెగాబిట్ల రికార్డింగ్‌కు, రాసే వేగాన్ని చెప్పే క్లాస్ 10 లేదా యూ1 గుర్తున్న కార్డు చాలు. 100 మెగాబిట్ల 4కేకు యూ3 కావాలి. పాత కెమెరాలు కొన్ని 32 జీబీ దాటిన కార్డులను గుర్తించవు. అలాంటి దాంట్లో ప్రతి రెండున్నర గంటలకు కార్డు మార్చాలి. కొనే ముందు మీ 128 జీబీ కార్డును పెట్టి చూడండి. ఇక నకిలీ కార్డులు: పైన 128 అని ముద్రించి ఉంటుంది, లోపల 16 కూడా ఉండదు. నిండిన తర్వాత రాసిందంతా పోతుంది. కొత్త కార్డు కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో మొత్తం నింపి పరీక్షించండి. గంటో రెండో పడుతుంది. ఆ పరీక్ష దాటని కార్డును అదే రోజు తిరిగి ఇచ్చేయండి.

ఎనిమిదో మెట్టు: వాడిన కెమెరాను పరీక్షించడం

మన దగ్గర దొరక్కపోతే చెన్నై దగ్గరే కాబట్టి అక్కడికి వెళ్తారు. ఎక్కడ కొన్నా మీ కార్డు, మీ మైకు వెంట తీసుకెళ్లండి. లెన్సుకు మూత పెట్టి ఒక నిమిషం రికార్డు చేసి పెద్ద తెర మీద చూడండి, వెలుగు చుక్కలు కనిపిస్తే సెన్సరులో లోపం ఉన్నట్టు. లెన్సులోకి టార్చి వేసి పక్కనుంచి చూడండి, సాలెగూడులాంటి పోగులు ఉంటే బూజు. పూర్తి జూమ్‌లో దూరపు బోర్డు మీద అక్షరాలు చదవగలిగేలా ఫోకస్ కుదురుతుందా చూడండి. మైకు తగిలించి, సాకెట్ దగ్గర తీగను కాస్త కదిపి వినండి. బరబర వస్తే సాకెట్ వదులైంది. బ్యాటరీ ఉబ్బి ఉంటే కొత్తది దొరికే మోడలో కాదో తెలుసుకోనిదే డబ్బు ఇవ్వకండి.

తొమ్మిదో మెట్టు: ఆట రాత్రి

కెమెరాను అడాప్టర్‌తో కరెంటు మీదే నడపండి. బ్యాటరీని మాత్రం తీయకండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు రికార్డింగ్‌ను నిలిపి ఉంచేది అదే. అన్ని కెమెరాలూ ఇలా మారవు కాబట్టి ఇంట్లోనే ప్లగ్గు లాగి చూసుకోండి. పవర్‌బ్యాంకును నమ్ముకునేవారు ఒక సంగతి తెలుసుకోవాలి: కొన్ని కెమెరాలు యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ మాత్రమే అవుతాయి, రికార్డు చేస్తుండగా ఆ కరెంటు తీసుకోవు.

వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులను సర్దే ఏర్పాటు) వేదిక లైట్ల కింద ఒక తెల్ల పంచె చూపించి ఒకసారి నిలపండి. ఆటోలో ఉంటే రంగు లైటు మారిన ప్రతిసారీ నటుడి ముఖం రంగు మారుతుంది. కిరీటం, భుజకీర్తుల మెరుపులకు ఫోకస్ అటూ ఇటూ పరుగెత్తుతుంటే దాన్నీ చేత్తో నిలపండి. స్టాండు మీద ఉన్నప్పుడు వణుకు అణచే ఏర్పాటును ఆపేయండి, లేకపోతే కెమెరాను పక్కకు తిప్పినప్పుడు బొమ్మ జారినట్టు వస్తుంది. దుర్యోధన వధ జరిగే రోజు మాత్రం స్టాండు వదిలి జనంలోకి వెళ్లక తప్పదు. నేల మీద పరిచిన ఆ భారీ మట్టి విగ్రహం చుట్టూ భీముడు, దుర్యోధనుడు పరుగెడుతుంటే వెడల్పు కోణంలోనే ఉంచి, జూమ్ ముట్టుకోకుండా తీయండి. అప్పుడు వణుకు అణచే ఏర్పాటును మళ్లీ వేసుకోవాలి.

పదో మెట్టు: కాపీ చేయడం

ఏవీసీహెచ్‌డీ కార్డు తెరిస్తే లోపల ఫోల్డరులో ఫోల్డరు, ఆఖరున స్ట్రీమ్ అనే ఫోల్డరులో ఎంటీఎస్ ఫైళ్లు ఉంటాయి. ఒక్కో ఫైలు 2 లేదా 4 జీబీ దగ్గర తెగి, తర్వాతిది మొదలవుతుంది. 28 మెగాబిట్ల దగ్గర 4 జీబీ అంటే సుమారు 19 నిమిషాలు. ఈ ముక్కలను విడివిడిగా ఎడిటింగ్ ప్రోగ్రాంలో పేర్చితే అతుకు దగ్గర శబ్దం అర క్షణం ఎగిరిపోవచ్చు. ఆ అతుకు సరిగ్గా ఒక పద్యం మధ్యలో పడితే రాగం విరిగినట్టు వినిపిస్తుంది. అందుకే ఫైళ్లను మాత్రమే ఏరకుండా మొత్తం ఫోల్డర్లను యథాతథంగా కాపీ చేసి, తర్వాత కెమెరా కంపెనీ ఇచ్చే ప్రోగ్రాంతోగాని, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాధనంతోగాని మళ్లీ కుదించకుండా కలపండి.

తెల్లవారి నిద్రపోయే ముందే మొదటి హార్డ్‌డిస్కులోకి కాపీ పెట్టండి. పూర్తయ్యాక మొదట, మధ్యలో, చివర కొన్ని నిమిషాలు ఆడించి చూడండి. రెండో హార్డ్‌డిస్కులోకి కూడా ఎక్కాకే కార్డును ఫార్మాట్ చేయాలి, అదీ కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే. ఫోల్డరు పేరులో తేదీ, ఊరు, ఆ రాత్రి ఆడిన కథ, మేళం పేరు రాయండి. ఎవరు ఏ వేషం కట్టారో ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసి అదే ఫోల్డరులో ఉంచండి. రెండు హార్డ్‌డిస్కులూ ఒకే ఇంట్లో ఉండకూడదు. ఒకటి మీ దగ్గర, మరొకటి ఊళ్లో ఇంకొకరి దగ్గర. నటులకు ఇచ్చే ప్రతిని పెన్‌డ్రైవ్‌లో ఎంపీ4గా ఇవ్వండి. వారి ఇంట్లో టీవీకి గుచ్చితే చాలు, ఆడుతుంది.